పండగ డ్యూటీకి రెండు స్టార్లు

ఈ మధ్య బందరులో ఒక శిక్షణ కార్యక్రమానికి నన్ను పిలిచారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన నర్సులకు, ఆసుపత్రి సిబ్బందిలో ఉత్సాహం పెంచడం ఎలా అన్న విషయం మీద ఒక పూట పాఠాలు. రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంటును కాబట్టి చివర్లో నాకూ పది నిమిషాలు ఇస్తామన్నారు. హాల్లో అడుగు పెట్టగానే గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి నవ్వుతూ నా పమిట మీద ఒక నీలం రంగు కాగితం నక్షత్రం అంటించింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"టైముకొచ్చినవాళ్ళకి ఒక స్టారండీ మేడమ్. ప్రశ్నలడిగితే ఇంకోటి. చివర్లో ఎవరికి ఎక్కువుంటే వాళ్ళకి ప్రైజు" అంది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ స్టారు పీకి చేతిసంచిలో పడేసి, వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి టైమైపోయిందన్నారు, అందరూ భోజనాలకు లేచారు. నాకొక శాలువా కప్పి ఫొటో తీసుకున్నారు. నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళలో చిన్నవాళ్ళు, ముఖ్యంగా రేపో మాపో నలుగురి మీద పెత్తనం చేయబోయేవాళ్ళు, కాస్త ఓపిక పట్టండి. ముసలావిడ కోపమని నవ్వుకున్నా ఫరవాలేదు.

నాది గుడివాడ దగ్గర ఒక పల్లె. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం దివిసీమలో ఒక ఆసుపత్రిలో గడిచింది. పేరెందుకులెండి. పెద్దమనుషుల కమిటీ ఒకటి బందరులో కూర్చుని దాన్ని నడిపేది. మా దగ్గరికి కాన్పులు వచ్చేవి, పాము కాట్లు వచ్చేవి, రొయ్యల చెరువుల మీద మోటార్ల దగ్గర కరెంటు షాకు తిన్నవాళ్ళు వచ్చేవాళ్ళు. మా నర్సుల్లో సగానికి పైగా నాలాగే పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవుల పిల్లలు. మిగతావాళ్ళలో రకరకాల వాళ్ళుండేవాళ్ళు. ల్యాబ్ టెక్నీషియన్ బందరు ముస్లిం, అందరూ ఆయన్ని ల్యాబ్ భాయ్ గారనేవాళ్ళు. సీనియర్ నర్సుల్లో ఒకావిడ పెడన మనిషి, మగ్గాలున్న ఇంటి కోడలు. ఆవిణ్ణి అందరూ పెడనక్క అనేవాళ్ళు. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. కొత్తపిల్లలకు ఆవిడంటే హడలు. కానీ ఆవిడ డ్యూటీలో ఉన్న వార్డులో నేను నిశ్చింతగా కూర్చుని టీ తాగేదాన్ని.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు, నేను చేరేటప్పటికే ఉంది. ఏదన్నా పండగ వస్తుందంటే, ఆ పండగ లేనివాళ్ళు, ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "మీ పండక్కి నేనుంటాను, మీరెళ్ళండి" అనాలి. అంతే. పండగ ఉన్నవాళ్ళు నోరు తెరిచి అడగకూడదు. అడిగించుకోవడం ఎదుటివాళ్ళకు చిన్నతనం. అందుకని వారం పది రోజుల ముందే, మందులు పంచుతూనో, పక్క మీద దుప్పటి సర్దుతూనో, ఆ మాట అనేసేవాళ్ళు. వినాయక చవితికి, దసరాకి మావాళ్ళు ఉండేవాళ్ళు. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి పెడనక్కా వాళ్ళు ఉండేవాళ్ళు. రంజాన్ నెలలో ఉపవాసం విడిచే వేళకి ఎవరో ఒకరు వెళ్ళి ల్యాబ్ కిటికీ దగ్గర కూర్చుని, వచ్చిన రక్తం సీసాలు తీసుకుని ఉంచేవాళ్ళు. పండగ చేసుకున్నవాళ్ళు మర్నాడు వస్తూ క్యారేజీ తెచ్చేవాళ్ళు. పులిహోర అయినా, కేకయినా, సేమ్యా పాయసమయినా, ఆయాలతో సహా అందరం నర్సుల గదిలో నిలబడే తినేవాళ్ళం. పండగ వారం డ్యూటీ చార్టు వేయడానికి నేను బుర్ర బద్దలు కొట్టుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. దాన్ని వాళ్ళే వేసుకునేవాళ్ళు, నేను సంతకం పెట్టేదాన్ని.

ఇదేదో గొప్ప మతసామరస్యం అనుకోకండి. మిగతా రోజుల్లో మాలో మాకు బోలెడు గొడవలు. స్టెరైల్ చేసిన గాజుగుడ్డ ఎవరు ఎక్కువ వాడారని పోట్లాట, ఫ్యాను కింద కుర్చీ ఎవరిదని పోట్లాట. పెడనక్క ఒకసారి ఒక పిల్లతో నెలరోజులు మాట్లాడలేదు. ఆ మాట్లాడని నెలలోనే క్రిస్మస్ వచ్చింది. ఆ పిల్ల మొహం చూడకుండానే, "చెప్పండా మనిషికి, పండక్కి నేనుంటానని" అని గోడకి చెప్పింది. పోట్లాట పోట్లాటే, పండగ పండగే.

అలాంటి చోటికి ఒక కొత్త అడ్మినిస్ట్రేటర్ వచ్చాడు. హైదరాబాదులో మేనేజ్‌మెంట్ చదివిన కుర్రాడు. చెడ్డవాడని నేననను. ఎవరినీ ఏకవచనంతో పిలిచేవాడు కాదు, ఆయాలను కూడా "అండీ" అనేవాడు. పాత మేనేజరులా అరిచేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, కనపడిందల్లా కొలవాలి. వచ్చిన నెలలోనే ఓపీ కౌంటరు పక్క గోడకు పెద్ద బోర్డు పెట్టించాడు. దాని మీద నర్సులందరి ఫొటోలు, ఫొటోల కింద నీలం స్టార్లు. టైముకొస్తే స్టారు. పేషెంటు మెచ్చుకుంటే స్టారు. ఫిర్యాదొస్తే, ఉన్న స్టారు పీకేస్తారు. నెలకొకసారి అందరి ముందు చప్పట్లు, "స్టార్ ఆఫ్ ద మంత్". కాంట్రాక్టు నర్సులకయితే మార్చిలో రెన్యువల్ కూడా ఆ స్టార్లను బట్టే.

మా పండగ పద్ధతి ఎవరు చెప్పారో గానీ ఆయన చెవిన పడింది. నన్ను గదిలోకి పిలిచాడు.

"మతం చూసి డ్యూటీలేంటి మేడమ్? బయటివాళ్ళు వింటే ఏమనుకుంటారు?" అన్నాడు.

"మతం చూసి నేను వెయ్యట్లేదండీ. వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటున్నారు. నేను వచ్చింతర్వాత పండగనాడు వార్డు ఖాళీగా ఉండటం చూళ్ళేదు" అన్నాను.

"అదే మేడమ్ నేననేది. అంత మంచి పని ఊరికే చేస్తున్నారు, వాళ్ళకి గుర్తింపేది? పండగ డ్యూటీ చేసినవాళ్ళకి డబుల్ స్టార్ ఇద్దాం. ఏ పండగైనా, ఎవరైనా సరే. ఎవరు అప్లై చేస్తే వాళ్ళకి. ఫెయిర్‌గా ఉంటుంది."

వద్దన్నాను. ఎందుకు వద్దో అప్పుడు నాకూ సరిగ్గా చెప్పడం చేతకాలేదు. "వాళ్ళు స్టార్ల కోసం చెయ్యట్లేదండీ" అన్నాను. "అయితే ఇస్తే ఇంకా బాగా చేస్తారుగా" అన్నాడు. ఆ మాటకు జవాబు మూడు నెలల తర్వాత వచ్చింది, మంచినీళ్ళ కుండ దగ్గర.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. నాగాయలంక వైపు సముద్రపు పల్లె నుంచి వచ్చిన కాంట్రాక్టు నర్సు ఒకమ్మాయి ఉండేది. చేపల వేట మీద బతికిన క్రైస్తవ కుటుంబం. తండ్రికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. తల్లికి మోకాళ్ళు పనిచెయ్యవు, ఆయన్ని పక్కకి తిప్పలేదు. ఈ పిల్లే పొద్దున్న వచ్చేముందు ఒకసారి, సాయంత్రం వెళ్ళగానే ఒకసారి తండ్రిని తిప్పి, వీపు తుడిచి, పౌడరు రాసేది. ఏళ్ళ తరబడి మంచంలో ఉన్న మనిషికి ఒంటి మీద ఒక్క పుండు లేదు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేనే చూశాను. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో అలా చూడలేదు. రోజూ బస్సెక్కి ఇంటికి వెళ్ళిరాగలిగిన ఉద్యోగం ఆ పిల్లకి మా ఆసుపత్రి ఒక్కటే. ఇది పోతే విజయవాడో హైదరాబాదో పోవాలి. పోతే ఆ తండ్రిని తిప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఈ ఉద్యోగాన్ని ఎందుకంత గట్టిగా పట్టుకుందో మా అందరికీ తెలుసు.

వినాయక చవితి దగ్గర పడింది. ఆ పిల్ల ఎప్పటిలాగే మంచినీళ్ళ కుండ దగ్గర పెడనక్క కనపడితే, "అక్కా, మీ పండక్కి నేనుంటాను, మీరెళ్ళండి" అంది.

పెడనక్క గ్లాసు కింద పెట్టి ఆ పిల్ల వంక చూసింది.

"ఎందుకే, డబుల్ స్టార్ కోసమా?" అంది.

నేను అక్కడే ఉన్నాను. ఆవిడ మరీ కోపంగా అనలేదు, సగం వేళాకోళంగానే అంది. కానీ ఆ పిల్ల మొహం పాలిపోయింది. "కాదక్కా" అని వెళ్ళిపోయింది. పెడనక్కకీ నాలిక కరుచుకున్నట్టయింది, కానీ అన్న మాట అనేసింది. నన్నడిగితే తప్పు ఆవిడది కూడా కాదు. అంతకు ముందు ఆ మాటకి ఇంకో అర్థం వెతకవలసిన పని ఎవరికీ రాలేదు. ఇప్పుడు పక్కనే గోడ మీద బోర్డుంది, దాని మీద లెక్కుంది. మనిషి నిజంగానే ఇస్తోందో, స్టారు కోసం ఇస్తోందో ఎవరు చెప్పగలరు? మంచిదాన్ని అనుమానించేట్టు చేసినవాణ్ణి ఏమనాలి? తిట్టడానికి కూడా వీల్లేదు, ఆయన నవ్వుతూ "గుర్తింపు" అంటాడు.

ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళి ఆ మాట అనలేదు. స్టార్ల కోసమే అంటారని భయం. దసరాకి ఎవరి పాటికి వాళ్ళు ఫోన్లో అప్లై చేసుకున్నారు. పండగున్నవాళ్ళే తమ పండగ డ్యూటీకి తామే ఎగబడ్డారు, స్టార్లు పోతాయని. ఇంట్లో పిల్లలు కొత్తబట్టలు కట్టుకుని ఎదురుచూస్తుంటే, ఖాళీ వార్డులో కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. క్యారేజీలు రావడం మానేశాయి. ఆ తర్వాత ఎండలు ముదరకముందే రంజాన్ వచ్చినప్పుడు ల్యాబ్ భాయ్ గారు ఒక చేత్తో ఖర్జూరం తింటూ ఇంకో చేత్తో సీసాల మీద నంబర్లు రాసుకోవడం నా కళ్ళతో చూశాను. అడిగితే, "ఎవర్నీ ఇబ్బంది పెట్టడమెందుకండీ, వాళ్ళకి దీనికి స్టార్లు లేవు కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

దానికి ముందు, ఆ దసరా వెనకాలే క్రిస్మస్ వచ్చింది. మా పిల్లలు, కాంట్రాక్టువాళ్ళు, పండగ డ్యూటీకి ముందే అప్లై చేసేశారు. ఆరాధనకు పోకుండా, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మరీ వచ్చారు. పెడనక్క కూడా ఎప్పటిలాగే క్రిస్మస్‌కి ఉంటానని పెట్టింది, ఆవిడకీ డబుల్ స్టార్ పడింది. పండగనాడు మా దగ్గరికి జనం రారు, తప్పనిసరైతే తప్ప. అరకొరగా ఉన్న పేషెంట్లకి వార్డు నిండా నర్సులు. నాగాయలంక పిల్ల ఒక్కతే అప్లై చెయ్యలేదు. ఎవరైనా వచ్చి "నేనుంటాను" అంటారేమోనని చివరిదాకా చూసిందని నాకు తర్వాత తెలిసింది. ఎవరూ రాలేదు. అయినా ఆ రోజు డ్యూటీ అడక్కుండా, మర్నాటిది తీసుకుంది. మర్నాడంటే ఏ స్టారూ లేని మామూలు రోజు. పండగ డ్యూటీ చేసినవాళ్ళందరికీ బదులుగా సెలవు ఆ రోజే.

ఆ మామూలు రోజు పొద్దున్న పది దాటాక, కృత్తివెన్ను నుంచి మా వైపు బంధువులింటికొచ్చిన రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళ ఆటో ఒకటి కాలవగట్టు మీద నుంచి బోల్తా కొట్టింది. ఆటో నిండా జనం. వాళ్ళందరినీ ట్రాక్టరులో వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, నేను, ఒక ఆయా, ఆ పిల్ల. అంతే. డాక్టరు తలకు దెబ్బ తగిలిన మనిషి దగ్గరుండిపోయాడు. చెయ్యి విరిగిన వాళ్ళు, పెదవి చిట్లిన వాళ్ళు, ఏడుపులు, కేకలు. ఒకావిడకి తొడ మీద రేకు కోసుకుని రక్తం ధారకడుతోంది. ఆ పిల్ల గాజుగుడ్డ ముద్ద పెట్టి రెండు చేతులతో ఒత్తిపట్టుకుని, అక్కడి నుంచి కదలకుండానే ఆయాకి చెప్పి నాకు కావలసినవి అందేలా చూస్తూ, ఏడుస్తున్న ఆడవాళ్ళని ఊరుకోబెడుతూ ఉంది. "ఏం కాదమ్మా, నా వంక చూడు, ఇంటికెళ్ళిపోతావ్. నా వంకే చూడు" అని ఆ గాయం తగిలిన మనిషితో అంటూనే ఉంది.

అదే టైములో ఆ పిల్ల జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. అడ్మినిస్ట్రేటర్ గారు పెట్టిన ఏర్పాటు ఇది. డ్యూటీలో ఉన్నట్టు రుజువుగా అప్పుడప్పుడు ఫోను మోగుతుంది, వెంటనే నర్సుల బల్ల దగ్గరికి వెళ్ళి ఫోను కెమెరాకి మొహం చూపించాలి. చూపించకపోతే డ్యూటీలో లేనట్టే లెక్క.

"మేడమ్, ఫోనండీ" అంది, చేతులు తియ్యకుండానే.

"మోగనీవే" అన్నాను.

మోగి మోగి ఊరుకుంది. మళ్ళీ మోగింది. ఆ పిల్ల చేతులు మణికట్టుదాకా ఎర్రగా ఉన్నాయి. డాక్టరు వచ్చి కుట్లు వేసేదాకా ఆ చేతులు తియ్యలేదు. తర్వాత అంబులెన్సులో ఆ తొడ గాయం మనిషినీ తల దెబ్బ మనిషినీ బందరు పంపాం. ఇద్దరూ బతికారు. నేను ఇన్నేళ్ళ సర్వీసులో చూసిన మంచి డ్యూటీల్లో అదొకటి. దానికి బహుమానంగా ఆ పిల్లకి జనవరిలో మెమో వచ్చింది. డ్యూటీ వేళల్లో హాజరు చూపలేదట. ఆ పూట పక్క వార్డులో ఇంజక్షన్ ఆలస్యమైందని ఒకాయన ఫిర్యాదు కూడా పెట్టాడట. ఉన్న స్టార్లు పీకేశారు. అదే నెల మీటింగులో, జనంలేని క్రిస్మస్ వార్డు కాసినందుకు, పెడనక్కకి స్టార్ ఆఫ్ ద మంత్ ఇచ్చి చప్పట్లు కొట్టించారు.

పెడనక్క ఆ బిళ్ళ పెట్టించుకుని కిందికి దిగింది. నాగాయలంక పిల్ల కూడా చప్పట్లు కొట్టింది. పెడనక్క ఆ వైపు చూడలేదు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, మోగనీ అన్నది నేను. మెమో నాకివ్వండి" అన్నాను.

"మేడమ్, సూపరింటెండెంట్ స్థాయివాళ్ళు ఈ స్కీములో లేరండీ. మీకు స్టార్లే లేవు కదా, మైనస్ ఎక్కడ వెయ్యాలి?" అన్నాడు.

కొందరు నవ్వారు. ఆయన వేళాకోళమాడలేదు, నిజంగానే అడిగాడు. అదే నాకు ఇంకా కడుపు మండించింది. ఒక మనిషి చేతుల్లో ఇంకో మనిషి ప్రాణం ఉన్న వేళ ఫోను ఎందుకు తియ్యలేదో అర్థం చేసుకోవడానికి స్కీములో గడి లేదట. గడి లేకపోతే కళ్ళు కూడా లేవా?

తర్వాత విడిగా అడిగాను. "ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసు కదా సార్."

"తెలుసు మేడమ్. నాకూ బాధగానే ఉంది. కానీ ఒకళ్ళకి సడలిస్తే అందరికీ సడలించాలి. ఇన్ని రకాల మనుషులున్న చోట రూలు ఒకటే ఉండాలి" అన్నాడు.

ఇన్ని రకాల మనుషులున్న చోట, వాళ్ళంతట వాళ్ళు కట్టుకున్న రూలు ఒకటి అప్పటికే ఉండేది. దాన్ని ఈయన పీకి అవతల పారేశాడు. ఆ మాట అన్నాను కూడా. ఆయన మర్యాదగా విని, ఫైలు తెరుచుకున్నాడు.

మార్చి రాకముందే బందరు వెళ్ళి కమిటీ పెద్దల్ని కలిశాను. టీ ఇచ్చారు, బిస్కట్లిచ్చారు, చెప్పిందంతా తలలూపుతూ విన్నారు. ఆ పిల్ల ఉద్యోగం పోతే ఒక మంచం మీది మనిషి ఏమైపోతాడో చెప్పాను. కాలవగట్టు మీది ఆటో గురించి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. చివరికి పెద్దాయన ఒకరు, "మీ మంచి మనసు మాకు తెలుసమ్మా. కానీ స్కోరు తక్కువున్న మనిషిని ఉంచితే రేపు అందరూ వేలెత్తి చూపిస్తారు. మీరా, రిటైర్మెంటు దగ్గరపడ్డవారు. ఎందుకమ్మా మీకీ గొడవలు?" అన్నారు.

రెన్యువల్ కాలేదు. ఆ పిల్ల నా గదికి వచ్చి యాప్రాను మడిచి బల్ల మీద పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "హైదరాబాదులో ఒక కార్పొరేట్ హాస్పిటల్‌లో తీసుకుంటున్నారండీ. అమ్మకి ఎలా తిప్పాలో నేర్పాను గానీ, చేతకావట్లేదండీ" అంది.

వేసవిలో ఒకరోజు కృత్తివెన్ను వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ కాస్త కుంటుతోంది. చేతిలో రొయ్యల బుట్ట, పైన తడిగుడ్డ. ఓపీ దగ్గర ఆ బోర్డు ముందు నిలబడి ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూశారు.

"నా కాలొత్తి పట్టుకున్న పిల్లుందండీ, ఆ పిల్ల బొమ్మ ఇందులో లేదేంటండీ?" అని నన్నడిగింది ఆ కుంటుతున్నావిడ.

"హైదరాబాదు వెళ్ళిపోయిందమ్మా" అన్నాను.

"మంచి జీతం వచ్చుంటుందిలెండి" అని సంతోషపడి, బుట్ట నాకిచ్చి వెళ్ళిపోయారు.

వానాకాలం వెళ్ళేలోగా అడ్మినిస్ట్రేటర్ గారికి ఇంకా పెద్ద ఆసుపత్రిలో ఇంకా పెద్ద ఉద్యోగం వచ్చింది. మా దగ్గర సాధించిన విజయాల్లో, పండగ రోజుల్లో నూటికి నూరుపాళ్ళ హాజరు కూడా రాసుకున్నాడని విన్నాను. ఆయన వెళ్ళాక స్టార్లు అంటించే నాథుడు లేక బోర్డు అలాగే దుమ్ముకొట్టుకుపోయింది. డబుల్ స్టారూ లేదు, ఏదీ లేదు. ఇక పాత పద్ధతి మళ్ళీ వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ దసరాకి ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. అసలు పండగ డ్యూటీకే ఎవరూ ముందుకు రాలేదు. స్టారు లేనిదానికి ఎందుకుండాలి అని ఒక కొత్తపిల్ల నన్ను మొహం మీదే అడిగింది. మా ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఊరికే జరిగిన పనికి ఒక వెల కట్టి, ఆ వెల కూడా తీసేసి పోయాడు మహానుభావుడు. సర్వీసు మొత్తంలో మొదటిసారి పండగ డ్యూటీలకు నేను మెమోలిస్తానని బెదిరించి మనుషుల్ని వేయాల్సివచ్చింది.

అదే డిసెంబరులో నాగాయలంక పిల్ల తండ్రిని మా వార్డులో చేర్చారు. నడుము కింద పుండు. లోతుగా పోయింది. ఏళ్ళ తరబడి గీత పడని ఆ వీపు నేను చూశాను. ఇప్పుడు చూసి నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. డ్రెస్సింగ్ చేసింది పెడనక్క. ఒక్క మాట మాట్లాడకుండా, ముక్కుకి గుడ్డ కూడా కట్టుకోకుండా చేసింది. ఆవిడ నోరు మూసుకుని పని చెయ్యడం నేను చూడటం అదే మొదలు.

ఆ పిల్ల సెలవు పెట్టుకుని హైదరాబాదు నుంచి వచ్చింది. పగలూ రాత్రీ తండ్రి మంచం పక్కనే. తల్లి ఊళ్ళోనే ఉండిపోయింది. క్రిస్మస్ రోజు పొద్దున్న నేను వార్డుకు వెళ్ళేసరికి ఆ పిల్ల తలకు నూనె కూడా లేకుండా, మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. "ఆరాధనకి వెళ్ళవే? అమ్మ ఎదురుచూస్తుంది కదా" అన్నాను. "నాన్ననెవరు చూస్తారండీ" అంది. నిజమే. డ్యూటీలో ఉన్న ఇద్దరు పిల్లలకి వార్డే సరిపోతోంది.

ఆ పూట పెడనక్కకి డ్యూటీ లేదు. సెలవు. అయినా పెడన నుంచి పొద్దున్నే బయల్దేరి, బందరులో బస్సు మారి, యూనిఫాం కాకుండా మామూలు చీరలో, చేతిలో చిన్న సంచితో వార్డులోకి వచ్చింది. డ్యూటీ పిల్లలు ఏమైందోనన్నట్టు చూశారు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా తిన్నగా ఆ మంచం దగ్గరికి వెళ్ళింది. సంచి మంచం కింద పెట్టింది. నోరు అంత గట్టి మనిషికి ఆ మాట గొంతు దాటడానికి చాలాసేపు పట్టింది.

"మీ పండక్కి నేనుంటాను" అంది. "నువ్వెళ్ళు."

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

"స్టార్లు లేవక్కా ఇప్పుడు" అంది.

"నోర్ముయ్యవే" అంది పెడనక్క, గాజులు మోచేతి పైకి తోసుకుంటూ. "ముందా పక్కకి రా, మీ నాన్నని తిప్పాలి. తిప్పింతర్వాత పో. ఆరాధన మొదలైపోతుంది."